తిరగని పేజీ

అమ్మీకి సలాం, నేను కులాసా.

మదరసాలో బుడ్డోళ్ల తరగతి నాకే అంటగట్టారు. నిన్న నాలుగేళ్ల పిల్ల ఒకతె అరబీ అక్షరాలు నేర్పే ఖాయిదా పుస్తకం మీద వేలు జరుపుతూ గడగడా చదివేసింది. అనుమానమొచ్చి పేజీ తిప్పాను. వేలు ఆగలేదు, నోట్లోంచి పాత పాఠమే వచ్చింది. "చూసి చదవవే" అంటే "చూడకుండానే వచ్చు కదా ఆపా" అంది. నువ్వు గుర్తొచ్చావు. ఖురాన్ ముందు రోజూ నీ వేలూ అలాగే నడుస్తుంది, పేజీ మాత్రం తిరగదు. తెలుగు పేపరు పొల్లుపోకుండా చదివేదానివి, అరబీ నీకెవరూ నేర్పలేదని ఒక్కసారైనా అనలేదేం?

నా స్వెట్టర్ పంపు. అబ్బా దగ్గు తగ్గిందా? తమ్ముడికి దువా. నీ కళ్లజోడు బాగు చేయించుకో, పెద్ద అక్షరాల ఖాయిదా ఒకటి తీసిపెట్టాను. కవర్లు అయిపోయి కార్డు రాశాను, అబ్బా చూడకముందే బియ్యం డబ్బాలో దాచెయ్. సెలవుల్లో తలుపేసుకుని అలిఫ్ నుంచి మొదలెడదాం.

నీ పెద్దది