బల్బు కాదు బాపూ, స్విచ్చు

బాపూ, కారు తాళం మెకానిక్ సలీం భాయ్‌కి ఇచ్చి డ్యూటీకి పోతున్న, ఇంట్ల వెతకకు. బ్రేక్ లైట్లు మళ్ల పోయినయి. నిన్న ఛత్రినాక చౌరస్తల నేను బ్రేకు కొడితే వెనకనుంచి ఆటో వచ్చి గుద్దింది. "నీకు బండి నడుపుడు రాదు" అని నువ్వు గల్లీల అందరి ముందట నన్నే తిట్టినవు. పొద్దున నేను పెడల్ తొక్కిన, అమ్మ వెనక నిలబడి చూసింది. ఒక్క లైటు గూడ వెలగలే. ఈ నెల్ల మూడుసార్లు బల్బులు మార్చినవు గని, ఒక్కసారన్న మెకానిక్‌కు చూపియ్యలే. పెడల్ కాడి స్విచ్చు పోయిందని సలీం భాయ్ చూడంగనే చెప్పిండు. సాయంత్రం తెస్తడు. ఈసారి నువ్వే వెనక నిలబడి చూసుకో.

వీణ

నిన్న వెనక సీట్ల కూసున్న అమ్మకు మెడ పట్టేసింది. నీకు చెప్పొద్దన్నది. ఆటోల దవాఖానకు తీస్కపో.