తహియా ఇచ్చిన మాత్రలు

వగ్దీ, మీ అక్కకు నొప్పులు మొదలయ్యాయట, నేను టాంటా వెళ్తున్నాను. పొయ్యి మీద పప్పు సూపు ఉంది, ఉపవాసం విడవగానే వేడి చేసుకుని తాగు.

మీ మేనత్త తహియా ఇచ్చిన నొప్పి మాత్రలు ఇక ముట్టుకోకు. "ఒక్క మాత్రకే నడుం నొప్పి పోయిందమ్మా!" అని నిన్న ఆవిడతో ఫోన్లో మురిసిపోయావు. నెల్లాళ్ళు నూనె రాసిన నా చేతులు నీకు గుర్తు రాలేదు. పుండున్న కడుపులో ఆ మాత్రలు రక్తం కారేలా చేస్తాయని మందుల షాపు మగ్దా చెప్పింది. విరేచనం నల్లగా అయితే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తు.

పోయినేడు నీకు పుండు పడ్డ సంగతి తహియాకి చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది నేనే. నీ జబ్బయినా నాకొక్కదానికే తెలిసుండాలనిపించింది. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను, ఇప్పుడే ఫోన్ చేసి ఆవిడకి చెప్పు.

చెప్పేటప్పుడు ఆవిడని అమ్మా అని మాత్రం పిలవకు.