బోర్లించిన బకెట్

దోస్తు లస్మయ్యకు,

నా అక్షరాలు చూసి నవ్వకు. మూడో తరగతిలో ఆగిపోయిన చెయ్యి ఇది. ఒత్తులు ఉండాల్సిన చోట ఉండవు, కూడబలుక్కొని చదువు. నిన్న ఫోన్‌లో నువ్వు “ముసలితనంల పెద్దసారుతోని కయ్యమేందిరా, పోయి తప్పయిందని చెప్పు” అన్నప్పుడు ఫోన్ పెట్టేశాను. అందుకే రాస్తున్నాను. తప్పయిందని మాత్రం చెప్పను.

సంగతి ఇది. మా బడిలో పిల్లలు మధ్యాహ్నం వదిలేసిన అన్నం రోజూ బకెట్ నిండా నా బర్రెకు తెచ్చుకుంటానని నీకు తెలుసు. ఆ బర్రెను నిజాంసాగర్ నుంచి తోలిచ్చిందే నువ్వు. ఏడో తరగతి చదివే మా మనవరాలు శ్రీలత, ఇంకో ముగ్గురు ఆడపిల్లలు కలిసి, అన్నం అట్లా పోకుండా ఉండే ఉపాయం అట్ట మీద రాశారు. ఒకటో తరగతి పిల్లకూ ఏడో తరగతి పిల్లకూ ఒకటే పెద్ద గంటె, చిన్నవాళ్లు సగం వదిలేస్తారు. కాబట్టి మొదట చిన్న గంటెతో పెట్టాలి. తర్వాత వడ్డించేవాళ్లే మళ్లీ వరుస తిరగాలి. ఎవరూ నోరు తెరిచి అడగనక్కర లేదు.

పెద్దసారు సునీల్‌కుమార్ సగమే విన్నాడు. “వేస్టు ఏడున్నది? పర్శరాములు బర్రె తింటలేదా?” అన్నాడట. బడంతా నవ్విందట. శ్రీలత ఇంటికొచ్చి సంచి విసిరేసింది. “తాతా, మా ప్లాన్ మొత్తం నీ బర్రె తిన్నది.”

మర్నాడు బడి గేటు దగ్గర బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాను. వంట చేసే రేఖ అన్నం తెచ్చింది. “బకెట్ సీదా పెట్టు బాపు, పోస్త.”

“వద్దు బిడ్డా.”

సారు వచ్చాడు. “ఏందయ్యా, బర్రెకు ఏమైంది?”

“ఆకలైతుంది సారు.”

“మరి తీస్కపో.”

“పిల్లలు చెప్పేది పూరా ఇనుర్రి, తీస్కపోత.”

అంతే నేను మాట్లాడింది. ఇవాళ్టికి మూడు రోజులు. అన్నం సారు గది ముందే డ్రమ్ములో పులిసి వాసన కొడుతోంది. వేస్టు ఏడున్నదని ఇప్పుడెవరూ అడగడం లేదు. బర్రె పాలు సగానికి పడ్డాయి. పడనీ.

ఇంకో మాట, అరవై ఏళ్లుగా దాచింది. నేను బడి మానింది పశువులు కాయడానికి కాదు. ఉప్మా పెట్టే రోజుల్లో నేను రెండోసారి విస్తరాకు చాపితే అప్పటి సారు “మీ ఇంట్ల పొయ్యి ముట్టిస్తలేరారా?” అన్నాడు. అందరూ నవ్వారు. పక్కన కూర్చున్న నువ్వూ నవ్వావు. ఆ రోజు లేచిపోయాను, మళ్లీ రాలేదు. ఈసారి లేవను.

నీ పర్శరాములు

లస్మయ్యా,

నీ జవాబు అందింది. ఆ రోజు నీకూ ఇంకాస్త కావాలనిపించిందనీ, నిన్నూ అట్లాగే అంటారని భయపడి నవ్వావనీ రాశావు. అరవై ఏళ్లు నువ్వూ దాచావన్నమాట. పోనీలే, ఇద్దరం ఇద్దరమే.

ఐదో రోజు ఆ డ్రమ్ము వాసనకు తాళలేక సారు ఊళ్లోవాళ్లను పిలిచి, పిల్లలతో మొత్తం చెప్పించాడు. చివరిదాకా విన్నాడు. “రెండోసారి తిరుగుడంటే రేఖకు పని ఎక్కువైతది గద?” అని ఒక్కటే అడిగాడు. “ఆ డ్రమ్ము కడుగుడు కంటె తక్కువనే సారు” అంది రేఖ.

ఆ మధ్యాహ్నమే చిన్న గంటె తీశారు. నన్నూ వరుసలో కూర్చోబెట్టారు. తల వంచుకొని తిన్నాను. పళ్లెం ఖాళీ కాగానే చెయ్యి కడుక్కుందామని లేవబోయాను. ఎదురుగా గంటెతో శ్రీలత.

“కూసో తాతా. ఇంక ఉన్నది.”

కూర్చున్నాను.

వచ్చే వారం పిల్లలు కామారెడ్డిలో జిల్లా ఆఫీసు సార్ల ముందు ఇదే చెప్తారు. ఎల్లారెడ్డి దాకా ఆటో, అక్కడి నుంచి బస్సు. నేనూ పోతున్నాను, బకెట్ తీసుకొని. అక్కడ ఎవరైనా సగమే వింటే కూర్చోవడానికి పనికొస్తుంది.

ఇప్పుడు బకెట్‌లో అడుగు కూడా నిండడం లేదు. బర్రె నా మొహం చూడడం లేదు. మీ కాలువ కింద కోతలు అయ్యాయి కదా, వరిగడ్డి ఎప్పుడు పంపుతావో ఆలస్యం చేయకుండా రాయి.

నీ పర్శరాములు