నాలుగో నంబరు హెడ్‌సెట్

విజయనగరం,
ఆదివారం.

అప్పా,

నీకూ, ఎర్రన్న బావకూ తమ్ముడు హరిబాబు దండాలు. నేను కులాసా. ఒంటి వరకైతే ఆ మాట నిజమే. మీ ముగ్గురూ కులాసా అని తలుస్తానని రాయడం మన అలవాటు. కానీ మీరెలా ఉన్నారో నీ ఉత్తరంలో చదివాక ఆ మాట రాయడానికి చెయ్యి ఆడలేదు.

ముందుగా ఒక సంగతి. నీ ఉత్తరం పక్కింటి తాయారు చేత రాయించావు కనుక దీన్నీ ఆమె చేతే చదివించుకుంటావు. తాయారూ, నీకు దండం పెడతానమ్మా. ఇక్కడితో ఆపి ఈ కాగితాలు గౌరికి ఇచ్చెయ్యి. మిగతాది గౌరే వాళ్ళమ్మకు చదివి వినిపించాలి. బావ కూడా వినాలి.

రెండు బస్సులు మారితే వచ్చేసే దూరానికి ఉత్తరం ఏమిటని అనుకుంటావు. పోయిన ఆదివారం బయలుదేరాను అప్పా. నరసన్నపేటలో దిగి మన ఊరి బస్సు కోసం నిలబడ్డాను. బస్సు వచ్చింది, జనం ఎక్కారు, వెళ్ళిపోయింది. నేను అక్కడే నిలబడి, తర్వాత విజయనగరం బస్సెక్కి తిరిగి వచ్చేశాను.

బావ మోకాలికి ఏ మందు రాయాలని అడిగావు. మందు కంటే ముందు ఆయన్ని కొన్నాళ్ళు పడవ తొయ్యనివ్వకు. రొయ్యల కంపెనీలో మంచునీళ్ళకి గౌరి వేళ్ళు పగిలిపోయాయని రాశావు. పనిలోకి వెళ్ళేముందు కొబ్బరినూనె పట్టించమను. ఇంతకంటే నాకు తెలిసిన వైద్యం లేదు. ఇంటర్‌లో లెక్కల్లో మండలానికే ఫస్టు వచ్చిన పిల్ల రొయ్యలు ఒలుస్తోందన్న వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఇక నువ్వు అసలు అడిగినది. తాయారు నీ మాటలు నీవిగానే రాసింది. "డబ్బాలో సరిగ్గా కనపడలేదని సెప్పింది. కళ్ళు బాగోలేదేమోనని నర్సన్నపేటలో సూపించినాం, ఇశాపట్నంలో సూపించినాం. ఇద్దరు డాక్టర్లూ కళ్ళు బంగారంలాగున్నాయన్నారు. డబ్బా బాగుండి, కళ్ళూ బాగుంటే మరింకేటి బాగోలేనట్టు తమ్ముడా? పిల్ల మాకు అబద్ధమాడిందా?" అని అడిగావు. బావ దానితో మాట్లాడటం మానేశాడన్నావు. డాక్టర్ల మాట గౌరి కూడా నమ్మడం లేదనీ, సూదిలో దారం ఎక్కించమంటే "నాకు అవపడదమ్మా" అంటోందనీ, చీకటి పడకముందే ఇంట్లో దూరి గడప దాటడం లేదనీ రాశావు.

గౌరి అబద్ధమాడలేదు. దాని కళ్ళు బాగున్నాయి. బాగోలేనిది డబ్బా. అది నాకు ఆ రోజే తెలుసు.

మా పైలట్ శిక్షణ కేంద్రంలో సీటు కోసం గౌరికి పరీక్ష పెట్టిన ఆ డబ్బాలో ఏముంటుందో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. దాన్ని హెడ్‌సెట్ అంటారు. ముఖానికి బిగించుకుంటే విమానం నడిపేవాడి సీట్లో కూర్చున్నట్టే ఉంటుంది. కింద పొలాలు, ముందు రన్‌వే, ఎత్తు చెప్పే గడియారం, వేగం చెప్పే గడియారం అన్నీ కనిపిస్తాయి. లోపల కంటికొక అద్దం. అద్దం నడిమధ్య నుంచి చూస్తేనే అంకెలు స్పష్టంగా ఉంటాయి. అంచులోంచి చూస్తే అలికేసినట్టు ఉంటుంది. మనుషులందరికీ రెండు కళ్ళ మధ్య దూరం ఒకేలా ఉండదు కదా. అందుకని అద్దాలను దగ్గరకూ దూరానికీ జరుపుకోవడానికి కింద చిన్న చక్రం ఉంటుంది. గౌరిది నీ పోలిక. చిన్న ముఖం, దగ్గర దగ్గర కళ్ళు.

పరీక్షకు మూడు వారాల ముందు, తుడుస్తుంటే నాలుగో నంబరు హెడ్‌సెట్ నా చేతిలోంచి జారి నేలమీద పడింది. పగల్లేదు. కానీ చక్రం బిగుసుకుపోయి, అద్దాలు బాగా ఎడంగా ఉండిపోయాయి. నా ముఖానికి పెట్టుకుని చూశాను. నా వెడల్పు ముఖానికి బాగానే కనిపించింది. అంతకు ముందు నెలలోనే ఇంకొకటి పాడుచేసి మాట పడ్డాను. అందుకని ఎవరికీ చెప్పలేదు, రిజిస్టరులో రాయలేదు. పరీక్ష రోజు పొద్దున దాన్ని పెట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ళవీ వెడల్పు ముఖాలే. వాళ్ళకు ఇబ్బంది రాలేదు. గండం గడిచిందనుకున్నాను. మూడో పేరు గౌరిది.

బెల్టు బిగించింది నేనే. పెట్టగానే నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది. "మావా, అంకెలు రెండేసి అవపడతన్నాయి. మూడో ఎనిమిదో తెలీట్లేదు."

పక్క బల్ల మీద ఐదో నంబరు ఖాళీగా ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. మార్చడానికి నిమిషం పట్టదు. కానీ గౌరి నా మేనకోడలని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. నీళ్ళసీసా ఇవ్వడానికి వంగినా ఎవరైనా గమనిస్తారేమోనని పొద్దుట్నుంచీ బిక్కుబిక్కుమంటున్నాను. దానికొక్కదానికే హెడ్‌సెట్ మారిస్తే ఎందుకని అడుగుతారు. చుట్టరికం బయటపడుతుంది, కిందపడేసిన సంగతీ బయటపడుతుంది. అప్పుడు నేనన్న మాట ఇది. "ఏటీ కాదు. అలా సూస్తా ఉండు, అలవాటవుతాది."

మావ చెప్పాడు కదా అని అది నమ్మింది. మళ్ళీ నోరెత్తలేదు.

పరీక్ష చేసిన అరుణశ్రీ మేడమ్ పదిసార్లు ఎత్తెంత, వేగమెంత అని అడిగారు. గౌరి ఆరుసార్లు తప్పు చెప్పింది. నేను గోడవైపు తిరిగి వైర్లు చుడుతూ నిలబడ్డాను.

ఫలితాలొచ్చాక బావ ఫోన్ చేసి ఏమైందని అడిగితే, "పిల్లకి కళ్ళల్లో ఏదో లోపమున్నట్టుంది బావా, డాక్టరుకి సూపించండి" అన్నాను. ఆ ఆసుపత్రుల చుట్టూ మిమ్మల్ని తిప్పింది నేను. ఆ పిల్ల తన కళ్ళను తానే నమ్మకుండా చేసిందీ నేనే.

నీ ఉత్తరం అందిన మర్నాడు మధ్యాహ్నం, భోజనాలకని అందరూ బయటికి వెళ్ళినప్పుడు, ఐదో నంబరు తీసి నా కళ్ళకు కుదరకుండా అద్దాలు పూర్తిగా దగ్గరికి జరిపి పెట్టుకున్నాను. గౌరి చూసిందేమిటో చూద్దామని. ప్రతి గడియారం రెండయింది. అంకెలు నీళ్ళలో కదిలినట్టు కదిలాయి. ఎనిమిది నిమిషాలకు తీసి పారేసి, బయటికి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. గౌరి అందులో నలభై నిమిషాలు కూర్చుంది.

ఆ సాయంత్రమే అరుణశ్రీ మేడమ్ దగ్గరికెళ్ళి అంతా చెప్పాను. ఆవిడ మొత్తం విన్నారు. తర్వాత అడిగారు. "పరాయి పిల్లయితే చెప్పేవాడివా హరిబాబూ?"

"పరాయి పిల్లయితే హెడ్‌సెట్ మార్చేసేవాణ్ణి మేడమ్," అన్నాను.

ఆవిడ ఆ సాయంత్రమే పైవాళ్ళకు రాశారు. జవాబు మూడు రోజుల్లో వచ్చింది. మత్స్యకారుల పిల్లలకని ట్రస్టు ఇచ్చిన ఉచిత సీట్లు రెండే, అదీ ఈ ఒక్క ఏడాదికే. రెండూ నిండిపోయాయి. చేరినవాళ్ళిద్దరూ మన తీరం పిల్లలే. వాళ్ళలో ఒకరిని లేపి గౌరిని కూర్చోబెట్టమని ఏ నోటితో అడగను? మళ్ళీ పరీక్ష పెట్టరట. ఫలితం మార్చరట. నన్ను రేపటి నుంచి రావద్దన్నారు. ఆ మాటకు నాకు బాధ కలగలేదు. కలిగి ఉంటే కొంత బాగుండేదేమో.

గౌరీ, ఇక్కడి దాకా చదివావంటే నీది గట్టి గుండె. నన్ను క్షమించమని అడగను. క్షమిస్తే నీకు పోయింది తిరిగొస్తుందా? డాక్టర్లు చెప్పినది మాత్రం నమ్ము. సూదిలో దారం ఎక్కించి చూడు తల్లీ, ఎక్కుతుంది.

బావా, నాతో మాట్లాడకు. నీ గుమ్మం తొక్కనివ్వకు. పిల్లతో మాట్లాడు.

అప్పా, ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. పరీక్షలో ఎవరెలా నడిపారో కంప్యూటరు మొత్తం దాచి ఉంచుతుంది. నిన్న మేడమ్‌ను బతిమాలి గౌరిది చూశాను. సగం దాకా అది తల నిటారుగానే పెట్టుకుంది. తర్వాత మెడను ఒక పక్కకు తిప్పి, కొంచెం కిందికి వంచి, కదలకుండా అలాగే ఉండిపోయింది. ఎందుకో నాకు వెంటనే అర్థం కాలేదు. మేడమే చెప్పారు. ఒక కన్ను మూసుకుని, రెండో కంటి చూపైనా అద్దం మధ్యలోంచి పోవాలని మెడ తిప్పిందట. అలా చెయ్యాలని దానికి ఎవరూ చెప్పలేదు. ఆ వంకర మెడతోనే గాలికి ఎదురు నిలిచి, నెమ్మదిగా కిందికి తెచ్చి, రన్‌వే నడిగీత మీద విమానం దించింది. ఆ రోజు వచ్చిన పద్నాలుగు మందిలో అంత మెత్తగా దించినవాళ్ళు లేరని మేడమ్ అన్నారు. తర్వాత ఆవిడే తన చేత్తో రాసిన మార్కుల కాగితం తీసి చూపించారు. విమానం దించిన చోట "తల నిటారుగా లేదు, మార్కులు కోత" అని ఉంది.

ఇట్లు,
నీ వెనక పుట్టినవాడు,
హరిబాబు