కడిగేసిన ఆకాశం

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ బొమ్మలతో ప్రదర్శన పెట్టి, నీ భార్యనని నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఎదురుగా నీ పోర్టు బొమ్మ. నేను గుర్తుపట్టలేదు. ఆకాశం అంత నీలంగా నువ్వెప్పుడు వేశావు?

"మసి పట్టేసి ఉందండీ. కడిగించి, పైన నీలం ఏయించాం," అన్నాడు నిర్వాహకుడు, నేను మెచ్చుకుంటాననుకుని.

ఒళ్లు మండిపోయింది. రంగు ఆరకముందే బొమ్మని డాబా మీద పెట్టి, పోర్టు నుంచి వచ్చే బొగ్గుపొడి దానిమీద వాలేదాకా పక్కనే కూర్చునేవాడివి. నేను గుడ్డ పట్టుకుని వస్తే, "తుడిసేయకే! నాను సగవే ఏసినాను, మిగతా సగం ఊరే ఏత్తాది," అని అరిచేవాడివి.

నీ ఊపిరితిత్తుల్లో చేరిన అదే పొడిని ఏ డాక్టరూ తీయలేకపోయాడు. వీళ్లు మాత్రం బొమ్మ మీద నుంచి ఇట్టే తీసేశారు.

జ్యోతి వెలిగించమని పిలిచారు. "నానెలిగించను. ముందు మా ఆయన బొమ్మ నాకిచ్చీండి," అని గోడ మీంచి దింపి ఆటోలో తెచ్చేశాను.

నువ్వు రంగుల్లో కలిపే నూనె సీసాలో మిగిలితే, పొడి అంటుకునేలా దానికి పూసి, డాబా మీద పెట్టాను. గాలి పోర్టు వైపు నుంచే వీస్తోంది. నాకు దగ్గొస్తోంది బావా. అయినా లేవను.