పదమూడు మెట్లు

ప్రభుత్వ ఆరోగ్య బీమా ఆఫీసులో ఇంటివైద్యం ఫైళ్లు చూసే గుమస్తాగారికి, కుట్టుమిషను పెద్దమ్మ నమస్కారాలు.

తుంటి విరిగి మంచాన పడ్డ నాకు మీ బీమా మీద ఫిజియోథెరపీ అమ్మాయి ఇంటికొచ్చి వ్యాయామం చేయిస్తోంది. నెలాఖరుతో గడువు అయిపోతుందట. ఇంకో రెండు నెలలు పొడిగించండి బాబూ. నా మిషను మేడమీద ఉంది. పదమూడు మెట్లు. కిందికి దించుదామంటే, మా ఆయన ముందు మిషను పెట్టించి తర్వాత దాని చుట్టూ గది కట్టించారు. తలుపులోంచి రాదు. కుట్టుపని లేకుండా నాకు పిచ్చెక్కుతోంది.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క. నిన్న నాలుగు మెట్లెక్కాను!

*

గౌరవనీయులైన లబ్ధిదారు గారికి,

నాలుగు మెట్లు ఎక్కినందుకు అభినందనలు. కోలుకున్నవారికి ఇంటివద్ద సేవలు వర్తించవు. నెలాఖరుతో ఆపుతున్నాం.

భవదీయుడు,
గుమస్తా

*

గుమస్తా బాబుకి,

సంబరంలో నోరుజారాను. మొన్న రెండే ఎక్కాను. ఇవాళ మెట్లవైపు కన్నెత్తి చూడలేదు. పొడిగించండి.

పెద్దమ్మ

తా.క. ఈ ఉత్తరం మెట్టుమీద కూర్చుని రాస్తున్నాను. ఎన్నోదో చెప్పను.

*

లబ్ధిదారు గారికి,

నాలుగు నుంచి రెండుకు, రెండు నుంచి సున్నాకు వచ్చారు. చికిత్స పనిచేయడంలేదని తేలింది. పనిచేయని చికిత్సకు బీమా వర్తించదు. అభ్యంతరముంటే మూడో అంతస్తులోని మా ఆఫీసుకు స్వయంగా రావాలి.

గుమస్తా

తా.క. లిఫ్టు పనిచేయడంలేదు. మెడనొప్పితో నేనూ అవస్థ పడుతున్నాను.

*

నాయనా,

ఎక్కితే బాగుపడ్డానంటారు, ఎక్కకపోతే బాగుపడనంటారు. ఎన్ని మెట్లెక్కితే మీ లెక్కలో రోగినో చెప్పండి, సరిగ్గా అక్కడే నిలబడతాను. మీ మూడో అంతస్తు ఎక్కగలిగితే మిమ్మల్నెందుకు బతిమాలతాను? మీరే వచ్చి కళ్లారా చూడండి.

ఒళ్లు మండిన పెద్దమ్మ

తా.క. మెడనొప్పన్నారు. మీ ఎడమభుజం కాస్త దిగి ఉంటుందా? నలభై ఏళ్లుగా చొక్కాలు కుడుతున్నాను, కుర్చీలో కూర్చునేవాళ్ల భుజాలు నాకు తెలుసు.

*

పెద్దమ్మగారికి,

తనిఖీకని వచ్చి మీ పక్కనే నిలబడి గంటసేపు చేతులు పైకెత్తాను. ఆ ఫిజియోథెరపీ అమ్మాయి నన్నూ వదిలిపెట్టలేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. నివేదికలో ఇలా రాశాను: "కోలుకుంటున్నారు, ఇంకా కోలుకోవాలి." ఈ రెండూ ఒకే వాక్యంలో పడతాయని పద్దెనిమిదేళ్ల సర్వీసులో నాకు తట్టలేదు. రెండు నెలల పొడిగింపు మంజూరైంది.

మీ గుమస్తా

తా.క. కొత్త చొక్కా కుడతానన్నారు, తీసుకుంటే నా ఉద్యోగం పోతుంది. పాతది మీ దగ్గర వదిలాను, దాన్నే నా భుజానికి సరిచేయండి. తొందరలేదు. బుధవారం మళ్లీ తనిఖీ ఉంది. శుక్రవారం కూడా.

*

చిరంజీవి గుమస్తాకి ఆశీస్సులు.

మేడమీంచి రాస్తున్నాను! నిన్న పదమూడో మెట్టెక్కి, మిషను మీద చెయ్యేసి చిన్నపిల్లలా ఏడ్చాను. ఇంకో మూడు వారాల సేవలు మిగిలాయి. నాకొద్దు, మంచం దిగలేనివాళ్లెవరికైనా ఇవ్వండి. కోలుకున్నవారికి వర్తించవని మీరేగా రాశారు.

కూర్చోగానే మొదట మీ చొక్కానే పట్టాను. మీరు మొదటిసారి తనిఖీకొచ్చినప్పుడు తీసుకున్న కొలత ప్రకారం ఎడమభుజం అరంగుళం దించి కుట్టాను. తీరా కుట్టాక ఆ అమ్మాయి చెబుతోంది, వ్యాయామంతో మీ భుజాలు రెండూ సమానమయ్యాయట! బాగుపడి నా పని పాడుచేశారు. మళ్లీ విప్పాలి, కొత్త కొలత కావాలి.

మీ పెద్దమ్మ

తా.క. కొలతకు స్వయంగా రావాలి. మేడమీదికి. లిఫ్టు లేదు.