మెనూలో మీ పేరు

అమల గారికి,

నేను మీకు తెలియను. ఫొటోగ్రఫీ నేర్చుకుందామని చిత్తూరులో ఒక అంగట్లో పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా చూశాను. అది కొత్తగా ఉన్నప్పుడు తానే కొన్నానని అంగడాయన చెప్పాడు. కెమెరా మెనూలో యజమాని పేరుండే చోట మాత్రం ‘అమల, బంగారుపాళ్యం’ అని ఉంది. అడిగాను.

“అది కంపెనీవాళ్లు పెట్టిన పేరు లేప్పా. ఫొటోలు తీసేదానికి వచ్చినావా, పేర్లు సదివేదానికి వచ్చినావా?” అన్నాడు.

మీ ఊళ్లో పెళ్లిళ్లకు ఫొటోలు తీసే అమల మీరొక్కరేనని విచారించి రాస్తున్నాను. కెమెరా మీరే అమ్మి ఉంటే ఆ మాట రాయండి, కొనుక్కుంటాను. పోగొట్టుకుని ఉంటే ఆ అంగడి చూపిస్తాను. అయితే మీ మాట కూడా ఊరికే నమ్మలేను. కెమెరా మెమరీ కార్డులో చెరపకుండా ఒక్క ఫొటో మిగిలింది. అందులో ఎవరున్నారో ముందు మీరు రాయండి.